ఇనుపవంతెన క్రింది ఛాయాచిత్రము

మార్గశిరమాసమునందలి వేకువవేళ కృష్ణాడెల్టా నడిబొడ్డున మూడు కాలువలను మూడుపేటల హారమువలె ధరించి నిద్రించుచున్న కేశవపట్టణముపై మంచు దట్టముగా దిగి గడియారస్తంభ శిఖరమును సినిమాహాళ్ళ యెత్తైన గోడలను రాజకీయపక్షముల రంగురంగుల తోరణములను ఒక్కటొక్కటిగా మ్రింగివేయుచుండగా వీధిదీపములు పసుపుముద్దలవలె గాలిలో వ్రేలాడుచుండెను. కాలువనీటినుండి లేచిన ఆవిరియు ఆకాశమునుండి దిగిన మంచును ఎచ్చట కలిసికొనుచున్నవో చూపరికి తెలియకుండెను. పాలవాండ్ర సైకిలుగంటలు వినవచ్చుచుండెనేకాని సైకిళ్ళు కానరాకుండెను. ఎచ్చటనో ఒక తలుపు తెఱచుకొని మరల మూసికొనెను. పగటివేళ కేకలతో పొగలతో ప్రకటనఫలకములతో కన్నులను చెవులను ఊపిరిసలుపనీయని ఆ నగరమేనా యిది యని సందేహము కలుగునట్లు సమస్తమును నిశ్శబ్దమై నిర్వర్ణమై నిలిచియుండెను.

అట్టి యొక వేకువను ఏబదినాలుగేండ్ల వాడొకడు చెవులకు ఉన్నిశాలువ చుట్టుకొని కెమెరాను మెడనుండి వ్రేలాడదీసికొని తాను ముప్పదియేండ్లుగా నడచిన బజారువీధిలోనే క్రొత్తగా వచ్చిన పరదేశివలె మెల్లమెల్లగా అడుగులు వేయుచు ప్రతి మలుపునందును నిలిచి చూచుచుండెను.

ఆయన పేరు తాడంకి పురుషోత్తమరావు. ఆ వీధిలో స్టూడియో నడుపుచు కేశవపట్టణమున జరిగిన వివాహములలో సగమునకు పైగా తన కెమెరాకంటితో చూచినవాడు. ఏ కల్యాణమండపమునకు వెలుతురు ఏ దిక్కునుండి వచ్చునో ఏ వీధిలో ఊరేగింపు ఎంతసేపు నిలుచునో ఆయనకు కంఠస్థము. ఈ ఊరు నా అరచెయ్యి యని నలుగురిలో చెప్పుకొనుచుండెడివాడు. అరచేతిని దినమునకు నూఱుసారులు చూచుకొనువాడును దానియందలి రేఖలెన్నియో చెప్పజాలడను సంగతి మాత్రము ఆయనకు తోచియుండలేదు. రంగుల ఫిలిము వచ్చినదాదిగా తీసిన రీళ్ళను పెద్దయూరి ల్యాబునకు పంపి తెప్పించుకొనుట అలవాటై ఆయన స్వహస్తములతో కట్టుకొన్న చీకటిగది విఱిగిన కుర్చీలకును చిల్లులుపడిన తెఱలకును నిలయమై బూజుపట్టి పడియుండెను.

ఇట్లుండగా ఆ యేటి కార్తికమాసమున మద్రాసునుండి ఒక అట్టపెట్టె వచ్చెను. ఆ నగరమున ఫిలిములమ్ము వృద్ధవర్తకుడొకడు దుకాణము మూసివేయుచు చివరకు మిగిలిన యిరువది తెలుపునలుపు రీళ్ళను అందులో నుంచి పంపెను. "వీటి గడువు ఉగాదితో తీరిపోవును. పాఱవేయుటకు చేతులాడలేదు. చీకటిగది పని యెఱిగినవారు నాకు తెలిసినంతలో నీవొక్కడవే మిగిలితివి." ఆ పెట్టెతోడి ఉత్తరములో ఇంతమాత్రమే యుండెను.

పురుషోత్తమరావు ఆ రీళ్ళను చాలదినములు ముట్టలేదు. ముహూర్తములు లేని మూఢమువచ్చి స్టూడియోలో ఈగలు తోలుకొనుచు కూర్చున్న యొకనాడు మాత్రము ఏమియు తోచక ఒక రీలును కెమెరాలోని కెక్కించి మఱునాటి వేకువను వీధిలోనికి వెడలి కంటికగపడినదెల్ల తీసికొనివచ్చి చీకటిగది బూజు దులిపి మందునీళ్ళు కలుపుకొని మధ్యాహ్నమున తలుపులు బిగించుకొని కూర్చుండెను. ఎఱ్ఱదీపపు మసకవెలుగున పళ్ళెరములోని తెల్లకాగితముపై మొదట పొగవంటి నీడ కానవచ్చెను. పిమ్మట ఆ నీడ మెట్లుగా తలుపులుగా స్తంభములుగా విడిపోయెను. ఆయన చూచుచుండగనే తన స్టూడియో యున్న వీధి తన చేతిక్రిందనే పుట్టెను. కాని అది ఆయన యెఱిగిన వీధి కాదు.

ఎఱ్ఱని అక్షరముల ఫలకములన్నియు బూడిదరంగు పలకలై వెనుకకు జరిగిపోయినవి. నాయకుల నిలువెత్తు చిత్తరువులు గోడలలో కలిసిపోయినవి. పచ్చజెండాయేదో ఎఱ్ఱజెండాయేదో చెప్ప శక్యము గాకుండెను. వానిచాటున ఇన్నాళ్ళు దాగియున్నవి ముందునకు వచ్చినవి. పగిలిన గోడ పెళ్ళలు. తోపుడుబండిపై ముడుచుకొని పండుకొన్న యొకని పాదములు. ప్రక్కనున్న మందులదుకాణపు మెట్లపై గోనెసంచి కప్పుకొని కూర్చుండి తిన్నగా కెమెరాలోనికి చూచుచున్న యొక వృద్ధురాలు. రంగు కంటికి లంచము వంటిది. అది ఇచ్చువాడు ఎచ్చటికి పొమ్మనిన కన్ను అచ్చటికే పోవును. ఆ లంచము నిలిచిపోయిన దినముననే పురుషోత్తమరావు కన్ను మొట్టమొదటిసారి తన యిచ్చవచ్చిన చోటికి పోయెను.

సాయంకాలమున ఆయన ఆ చిత్రమును తెచ్చి భార్యయైన శేషారత్నమునకు చూపెను. ఆమె వంటచేతిని కొంగునకు తుడుచుకొని దానిని దీపమునకు దగ్గఱగా పట్టుకొని చూచెను.

"ఇది మన బజారేనా అండీ? ఈ ముసలావిడ ఎవరు?"

"అదే నాకూ అర్థం కాలేదు. ఇందాక వెళ్ళి అడిగాను. ఆరేళ్ళుగా ఆ మెట్లమీదే ఉంటోందట."

"ఆరేళ్ళా! మీరు రోజూ ఆవిడ పక్కనుంచే గదా స్టూడియోకి వెళ్ళేది?"



నాటినుండి పురుషోత్తమరావునకు అది యొక వ్యసనమయ్యెను. వేకువన లేచుటయు మంచులో నడచుటయు మధ్యాహ్నము చీకటిగదిలో తన యూరిని తిరిగి కనుగొనుటయు తప్ప తక్కినదేదియు రుచింపకుండెను. మూతబడిన నూనెమిల్లు గోడ యొకనాడు యుద్ధమున గాయపడిన యేనుగువలె కనబడెను. చేపలబజారులో మంచుదిమ్మలు మోయువారి వీపులు నల్లరాతి శిల్పములవలె కనబడెను. పెండ్లికొడుకుల కోటుగుండీలు సరిచేయుచు ముప్పదియేండ్లు గడిపిన తనలో ఇట్టి చూపొకటి యుండెనా యని ఆయనకే ఆశ్చర్యమగుచుండెను. ఆ యాశ్చర్యమునకు వెన్నంటియే గర్వమును వచ్చెను. అది వచ్చినట్లు ఆయనకు తెలియలేదు.

పదునొకండవదినమున ఆయన ఇనుపవంతెనమీద నిలిచెను. ఇల్లు కాలువకు ఆవలిగట్టునను స్టూడియో ఈవలిగట్టునను ఉండుటచేత ఆ వంతెనను ఆయన దాటినన్ని పర్యాయములు ఆ పట్టణమున మఱియొకడు దాటియుండడు. ఆనాడు మంచు మిక్కుటమై ముందు దారి కానరాకుండుటచేత ఊరక నిలిచి కమ్ములపైనుండి క్రిందికి వంగి చూచెను. కాలువగట్టున పదునాలుగు తాటాకు గుడిసెలు. వానిముందర ఉడుకుచున్న బానల క్రింద మంటలు. ఆ బానలనుండి లేచిన ఆవిరి మంచులో కలిసి దూదికొండలవలె కదలుచుండెను. దండెములపై ఆరవేసిన తెల్లని దుప్పట్లును చీరలును పడవల తెఱచాపలవలె నిండియుండెను. నల్లని నీటిలో మోకాలిలోతున నిలిచి సుమారు ఏబదియేండ్ల స్త్రీయొకతె మెలిపెట్టిన తెల్లబట్టను రెండుచేతులతో తలమీదుగా ఎత్తినప్పుడు దానినుండి చిమ్మిన నీరు ఆమె చుట్టును అర్ధచంద్రాకారముగా లేచి ఒక్క లిప్తకాలము ఆకసమున నిలిచెను.

ఆ లిప్తకాలము కెమెరాలో చిక్కెను.

ఆయన గట్టుదిగి చాకిరేవు చెంతకు పోగా ఆమె బట్టను బండపై నుంచి చేతిని కన్నులకు అడ్డముపెట్టుకొని చూచెను.

"ఎవరయ్యా అది? ఆపీసు మడిసివా?"

"కాదమ్మా. ఫోటోలు తీసేవాణ్ణి."

ఆమె మొగము విప్పారెను. "స్టూడియో బాబుగారా! మంచులో పోల్చుకోలేకపోయా. మీ ఇంటి బట్టలు ఇరవయ్యేళ్ళబట్టి నేనే గదా బాబూ ఉతికేది. మీరు కప్పుకున్న శాలువా కూడా నా చేతిదే. ప్రతి సుక్కురారం మీ దొడ్డిగుమ్మంలోకి వస్తా. అమ్మగారికి నేను బాగా ఎరిక."

ఇరువదియేండ్లుగా తన యొంటిమీది ప్రతి నూలుపోగును తాకిన ఆ చేతులను పురుషోత్తమరావు ఆనాడే మొట్టమొదట చూచెను. సిగ్గుపడుచు పేరడిగెను. ఆమె నాంచారమ్మ. పెనిమిటి పోయి పదేండ్లు. కొడుకును కోడలును ఆమెతో ఆ గుడిసెలోనే యుండి ఆ రేవులోనే పనిచేయుచుండిరి. ఆమె మామగారి తండ్రి కాలమునుండియు అదే వారి రేవు.

ఆయన వరుసగా తొమ్మిదిదినములు ఆ రేవునకు పోయెను. మొదట ముసిముసిగా నవ్వుచు తలలు త్రిప్పుకొనినవారు క్రమముగా ఆయనను మఱచి తమ పనిలో తాము మునిగిపోయిరి. తొమ్మిదవదినమున నాంచారమ్మ ఆయనను ప్రక్కకు పిలిచెను.

"బాబూ, ఈ బొమ్మల్లో మా గుడిసెలు పడతయ్యా?"

"మంచులో అవేమీ కనపడవు. నువ్వూ నీళ్ళూ బట్టలూ, అంతే."

"అయితే సరే. ఒక్క మాట బాబూ. ఈ గట్టు సర్కారుదంట. మా మామ బతికున్నప్పుడు ఆపీసోళ్ళొచ్చి లేచిపొమ్మన్నారు. ఆ పైన ఎందుకో మరిసిపోయారు. ఆళ్ళు మరిసిపోబట్టే మేమిట్టా ఉన్నాం. ఇది ఎక్కడ తీశారో మాత్రం ఎవరికీ చెప్పమాకండి."

"చెప్పను నాంచారమ్మా. మాట ఇస్తున్నా."

"నాకూ ఒకటియ్యండి బాబూ. పుట్టి బుద్ధెరిగి ఒక్క ఫోటో దిగలా. తడికెకి తగిలించుకుంటా."

"తప్పకుండా ఇస్తాను."

ఆ రెండు మాటలును ఆయన మనఃపూర్వకముగనే యిచ్చెను. వానిలో నొక్కటైనను తప్పవలెనను తలంపు ఆనాడు ఆయనకు లేదు.

మాఘమాసమున కేశవపట్టణపు పురపాలకసంఘమునకు నూఱేండ్లు నిండెను. ఆ యుత్సవములలో భాగముగా మన పట్టణము అను శీర్షికతో ఛాయాచిత్రముల పోటీ పెట్టి పురమందిరమున ప్రదర్శన మేర్పఱచిరి. పురుషోత్తమరావు పండ్రెండు చిత్రములు పంపెను. నాలుగువైపుల గోడలపై ఎఱ్ఱని మందారములును పచ్చని పార్కులును రంగుదీపముల సినిమాహాళ్ళును మెఱయుచుండగా ఒక మూలన ఆయన నలుపుతెలుపు చిత్రములు అలంకారములు తీసివేసిన స్త్రీమూర్తులవలె నిలిచియుండెను. జనులు మొదట వానిని దాటిపోయిరి. పిమ్మట ఒక్కరొక్కరుగా వెనుకకు వచ్చిరి. మూడవదినమునాటికి నాంచారమ్మ చిత్రము ముందర నిలువ చోటు లేకపోయెను.

అది కాశీయని యొకరనిరి. కాదు కాశ్మీరమని యొకరనిరి. నలువదియేండ్లుగా ఆ వంతెనమీదుగా కచేరీకి పోవుచున్న వకీలుగారొకరు ఇది విదేశమున తీసినదని బల్లగ్రుద్ది చెప్పిరి. ఇదంతయు వెనుకనుండి వినుచు పురుషోత్తమరావు లోలోపల మురిసిపోవుచుండెను.

బహుమతి ప్రదానమునకు మునిసిపల్ కమిషనరుగారు వచ్చిరి. వారు కళాభిరుచి గలవారు. మృదుభాషి. పరుల మేలు కోరువారేకాని కీడు తలపెట్టువారు కారు. న్యాయనిర్ణేతలు నాంచారమ్మ చిత్రమునకు ప్రథమబహుమతి నిచ్చిరి. పురుషోత్తమరావు వేదిక నెక్కెను. శాలువ కప్పిరి. చప్పట్లు మ్రోగెను. అంతలో వెనుకవరుసలో కూర్చుండిన పోటీకి రంగులచిత్రములు పంపిన మఱియొక స్టూడియో యజమాని లేచెను.

"కమిషనరుగారూ, క్షమించండి. పోటీ మన ఊరి బొమ్మలకు మాత్రమే గదా. ఈ బొమ్మ మన ఊళ్ళో తీసింది కాదని అందరూ అనుకుంటున్నారు."

సభలో గుసగుసలు లేచెను. కమిషనరుగారు పురుషోత్తమరావు వైపు తిరిగి చిఱునవ్వుతో "మీరే చెప్పండి పురుషోత్తమరావుగారూ. ఇది మన ఊరేనా? అయితే ఎక్కడ?" అని ప్రశ్నించిరి.

చెప్పను అనుటకు ఆయనకు అవకాశముండెను. బహుమతిని వెనుకకిచ్చి వేదిక దిగిపోవుటకును అవకాశముండెను. ఈ రెండును ఆ క్షణమున ఆయన మనసునకు స్పష్టముగా తోచినవి. కాని క్రింద మూడువందల మొగములు ఆయనవైపే చూచుచుండెను. ముప్పదియేండ్లుగా పెండ్లిఫోటోల పురుషోత్తముడని మాత్రమే తన్ను పిలిచిన ఊరు మొట్టమొదటిసారి తన్ను గౌరవముతో చూచుచుండెను. ఆ చూపులు అనుమానముగా మాఱుట ఆయన సహింపలేకపోయెను.

"మన ఊరేనండీ. ఇనుపవంతెన కింద చాకిరేవు. మీరంతా రోజూ దాటే వంతెనే."

సభ యొక్కసారి నిర్ఘాంతపోయెను. పిమ్మట అంతకుముందెన్నడును ఆ మందిరమున వినబడని కరతాళధ్వని చెలరేగెను. ఆ చప్పుడులో పురుషోత్తమరావునకు తన మాట తనకే వినబడలేదు.

మఱునాటి వేకువను కమిషనరుగారు కారు దిగి వంతెనపై నిలిచి చాలసేపు చూచిరి. ఆ దృశ్యము వారిని నిజముగనే కదలించెను. ఇంతటి రమణీయస్థలము మన పట్టణమధ్యమున నెవరికంటను పడక పాడుపడియుండుట క్షమింపరాని నేరమని వారు తలంచిరి. ఇరువది దినములలో పురపాలకసంఘము సమావేశమై ఆ గట్టున ఉద్యానవనమును నిర్మింప తీర్మానించెను. ఆ సమావేశమున పురుషోత్తమరావు తీసిన చిత్రమును తలుపంత పెద్దదిగా చేయించి గోడకు నిలిపి దానిని చూపుచునే కమిషనరుగారు ప్రసంగించిరట. ఈ వార్త పత్రికలో చదివిన దినమున పురుషోత్తమరావు అన్నము ముట్టకుండ పరుగెత్తి కమిషనరుగారి కార్యాలయమునకు పోయెను.

కమిషనరుగారు ఆయనను ఆదరముతో కూర్చుండబెట్టి కాఫీ తెప్పించిరి.

"అయ్యా, ఆ బొమ్మలో అందమంతా ఆ మనుషులదండీ. వాళ్ళను తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు" అని పురుషోత్తమరావు మొఱపెట్టుకొనెను.

"అలా అనకండి. ఆ వెలుతురు, ఆ నీళ్ళు, ఆ మలుపు... ఎంత చక్కని చోటండీ అది! మనుషులు ఎక్కడికైనా వెళ్ళగలరు. చోటు వెళ్ళలేదు గదా" అని వారు మిక్కిలి సౌమ్యముగా సెలవిచ్చి "అసలు ఈ పుణ్యమంతా మీదే. మీరు చూపకపోతే మాకు తెలిసేదే కాదు" అని కరచాలనము చేసి పంపివేసిరి.

ఫాల్గుణమాసపు ప్రారంభమున ఒకనాటి యుదయమున యంత్రములు వచ్చినవి. పురుషోత్తమరావు కబురు విని పోవునప్పటికి గుడిసెలలో తొమ్మిది నేలమట్టమై యుండెను. బానలు బోర్లపడి యుండెను. దండెముల వెదుళ్ళను ఒకచోట కుప్పగా వేసిరి. ఆరవేసిన బట్టలను త్వరత్వరగా తీసి మూటలు కట్టుకొనుచు ఆడువారు ఏ బట్ట ఎవరియింటిదో మఱచిపోకుండ బిగ్గఱగా ఇండ్లపేర్లు చెప్పుకొనుచుండిరి. అంతటి విపత్తునందును ఒకరి బట్ట యొకరి మూటలో పడలేదు. వారికి ఊరికి ఏడుమైళ్ళ దూరమున ఇటుకబట్టీల వెనుక స్థలము చూపిరి. అచ్చట నీటికి ఒక చేతిపంపు కలదట.

నాంచారమ్మ ఆయనను చూచి యెదురువచ్చెను. ఆమె కన్నులలో కోపము లేదు. తనవాడొకడు వచ్చెనను ఊఱట కలదు. అదియే పురుషోత్తమరావును దహించెను.

"చూశారా బాబూ! ఇన్నేళ్ళు లేంది ఇప్పుడు గుర్తొచ్చిందంట. ఎవరో చెప్పారంట ఆపీసులో. మీరు పెద్దోళ్ళతో తిరుగుతారు గదా. ఎవరు చెప్పారో కాస్త కనుక్కోండి బాబూ."

ఆయన పెదవులు కదలినవి.

"కనుక్కుంటాను నాంచారమ్మా" అనెను.

ఆ పూట ఇల్లు చేరిన పిమ్మట ఆయన ఆ సంగతిని భార్యకు దాచకుండ చెప్పెను. శేషారత్నము లోపలికి పోయెను. మఱునాటినుండి ఆమె ఆయనతో వడ్డనవేళ తప్ప మాటలాడుట మానివేసెను.

పదిదినములు గడచిన పిమ్మట శుక్రవారమునాడు నాంచారమ్మ దొడ్డిగుమ్మమున నిలిచి పిలిచెను. ఏడుమైళ్ళు నడచి వచ్చినందున పాదములు దుమ్ముకొట్టుకొని యుండెను. నెత్తిమీది మూటను దింపి బట్టలను ఒక్కటొక్కటిగా లెక్కచూపి అప్పగించెను. అవి వెనుకటివలె తెల్లగా లేవు. చేతిపంపు నీటి ఉప్పు వానియందు చారలు కట్టియుండెను.

"అమ్మగారూ, ఇయ్యే ఆఖరు. అంత దూరాన్నించి మోసకరాలేను. మావాడు ఇటుకబట్టీలో కుదిరాడు. వేరే మడిసిని పెట్టుకోండి" అని చెప్పి వసారాలో కూర్చుండిన పురుషోత్తమరావువైపు తిరిగెను. "బాబూ, కనుక్కున్నారా? ఎవరంట?"

పురుషోత్తమరావు తలవంచుకొనెను.  అంతట శేషారత్నము చేతనున్న బట్టలను గట్టుమీద పెట్టి యిట్లనెను.

"ఇంకెవరే నాంచారమ్మా. ఈయనే చెప్పారు. సభలో. మైకులో."

నాంచారమ్మ మొదట నమ్మలేదు. అమ్మగారు భర్తమీది అలుకచేత అట్లనుచున్నదని తలంచి ఆయన మొగమువైపు చూచెను.

"నిజమేనా బాబూ?"

"నిజమే."

"ఎందుకు చెప్పారు?"

ఆ ప్రశ్నలో నిష్ఠూరము లేదు. తెలిసికొనవలెనను కోరికయే యుండెను. పురుషోత్తమరావు ఆ పదిదినములలో అందమైన సమాధానములనేకము కూర్చుకొనియుండెను. అవన్నియు ఆ దుమ్ముపాదముల యెదుట నోటికి రాకపోయెను.

"పొగుడుతున్నారు నాంచారమ్మా. ఆ పొగడ్త పోతుందేమో అనిపించింది."

ఆమె తలయూపెను. ఆయన తటాలున లేచి లోపలికి పోయి గాజుపలక వేయించి యుంచిన చిత్రమును తెచ్చి ఆమె చేతికిచ్చెను. నాంచారమ్మ దానిని కొంగుతో పట్టుకొని వెలుతురువైపు త్రిప్పి చూచెను. తన చేతులను చూచెను. చుట్టును లేచిన నీటిని చూచెను. వెనుక తెఱచాపలవలె నిండియున్న బట్టలను చూచి వానిలో ఏది ఎవరి యింటిదో గుర్తుపట్టు ప్రయత్నము చేయుచున్నట్లు ఆమె పెదవులు కదలెను.

"బాగుంది బాబూ. మా రేవు ఇంత బాగుంటదని నాకు తెలీదు" అని దానిని మరల ఆయన చేతిలో పెట్టెను. "మీరే ఉంచుకోండి. తడికున్న నాడు అడిగాను, ఇయ్యలేదు. ఇప్పుడెక్కడ తగిలించుకోను?"

శేషారత్నము కన్నులు తుడుచుకొనుచు అన్నము తిని పొమ్మని బతిమాలెను. చీకటిపడకమునుపే చేరవలెనని చెప్పి నాంచారమ్మ ఖాళీమూటగుడ్డను మడిచి భుజముపై వేసికొని దొడ్డిదారిని వెడలిపోయెను. మరల ఆమె ఆ పట్టణమున ఎవరికిని కనబడలేదు.

ఉద్యానవనము వైశాఖమున తెఱవబడెను. పచ్చగడ్డి పఱచిరి. ఎఱ్ఱరంగు బల్లలు వేసిరి. నీళ్ళు చిమ్ము గొట్టములకు దీపములు పెట్టిరి. కేశవపట్టణ వాసులు సాయంకాలములయందు పిల్లలతో వచ్చి ఇంతకాలము ఇంత చక్కని చోటును ఎట్లు చూడకుంటిమాయని పరస్పరము ఆశ్చర్యపడుచుండిరి. ప్రారంభోత్సవమునకు పురుషోత్తమరావునకు ప్రత్యేకాహ్వానము వచ్చెను. ఆయన పోలేదు. ఒంట్లో బాగులేదని కబురంపెను.

చూచుట యొక విద్య. చూచినదానిని కాపాడుట వేఱొక విద్య. మొదటిదానిని ఏబదినాలుగవయేట నేర్చుకొన్న యాయనకు రెండవది నేర్పువారు లేకపోయిరి. అంతకంటె ఘోరమేమనగా మొదటిదానిని మఱచుట ఆయన తరము కాకపోయెను. కన్ను ఒకసారి మేలుకొన్న పిమ్మట నిద్రపుచ్చుట యెట్లో యెవరికిని తెలియదు. ఏ వీధికి పోయినను మెట్లక్రిందను గోడలవారను చూరులనీడను ఊరు మఱచిపోయినందువలననే బ్రతుకుచున్న మనుష్యులు ఆయనకు కానవచ్చుచుండిరి.

ఆ యేటి తొలకరిలో ఒకనాటి యుదయమున ఆయన పాతసినిమాహాలు ప్రక్కగా పోవుచుండగా మెట్లక్రింది సందులో గొడుగులు బాగుచేయు మస్తాను సాయిబు ఆయనను పిలిచెను. డెబ్బదియేండ్ల వృద్ధుడు. చుట్టును తెఱచిన నల్లగొడుగుల నడుమ కూర్చుండియుండెను. సందులోనికి ప్రక్కనుండి పడిన వెలుతురు ఆయన తెల్లగడ్డమును గొడుగుల ఊచలను వేళ్ళ కణుపులను వేఱువేఱుగా చెక్కినట్లు నిలిపియుండెను. అట్టి దృశ్యము ఛాయాగ్రాహకునకు జన్మమున రెండుమూడు పర్యాయములకంటె చిక్కదు. కెమెరా పురుషోత్తమరావు భుజముననే యుండెను. అందులోని గడువుతీరిన రీలులో ఇంకను పండ్రెండు చిత్రములకు చోటుండెను.

"బాబుగారూ, మీరు తీస్తే పేపర్లో వేస్తారంట గదా. నన్నూ ఒక్కటి తియ్యండి బాబూ. ఒక్క ఫోటో లేదు నాది. నేను పోయినాక పిల్లలు చూసుకుంటారు" అని ఆ వృద్ధుడు టోపీ సరిచేసికొని కూర్చుండెను.

పురుషోత్తమరావు చేయి కెమెరావైపు పోయి అచ్చటనే యాగిపోయెను. చిన్న ఫోటో తీసి చేతికిచ్చి ఎవరికిని చూపకుండిన సరిపోవునని ఒక తలంపు కలిగెను. అట్టి మాటనే తాను మఱియొకరికి ఇచ్చియుంటినని వెంటనే స్ఫురించెను. తన మాటపై తనకే నమ్మకము లేని దినములవి.

"రీలు అయిపోయింది సాయిబూ" అని ఆయన పొడిగా ననెను.

"రేపొస్తారా?"

ఆయన ముందుకు నడచెను. వృద్ధుడు కొంతసేపు అట్లే టోపీ సరిచేసికొనిన భంగిమలోనే కూర్చుండి పిమ్మట ఒక గొడుగును ఒడిలోనికి లాగుకొనుచు ప్రక్కనున్న చెప్పులు కుట్టువానితో చెప్పిన మాట పురుషోత్తమరావునకు స్పష్టముగా వినవచ్చెను.

"బహుమానాలొచ్చిన మనిషి గదా. మనబోటోళ్ళని చూస్తాడా!"

 వీధిమీద తొలిచినుకులు పడుచుండెను. జనులు పరుగెత్తి చూరులక్రిందికి చేరుచుండిరి. మెట్లక్రిందినుండి ఒకటి తరువాత ఒకటిగా బాగుపడిన నల్లగొడుగులు వెలుపలికి వచ్చి విచ్చుకొనుచుండగా ఆయన మాత్రము కన్నులు నేలకు దించుకొని తడియుచు నడచిపోయెను.